ఇసుకదిబ్బ మీద ఎనిమిది వందల అరవై

మా తీరంలోని పక్షుల రక్షిత ప్రాంతంలో ఇరవై రెండేళ్లుగా పిట్టల్ని లెక్కపెడుతున్న ఆమెను అందరం గవ్వలక్క అంటాం. పోటు నీళ్లు ఎక్కగానే ఉల్లంకి పిట్టలన్నీ ఒక్క ఇసుకదిబ్బ మీదికే చేరతాయి. ఆమె బైనాక్యులర్ కంటికి ఆనించి, పదేసి పిట్టల్ని చూపుతోనే కట్టగట్టి, వంద కాగానే ఎడమ జేబులోని గవ్వ ఒకటి కుడి జేబులో వేస్తుంది. రాయడానికి తల దించితే వరస తప్పుతుందట.

వసంతంలో ఉత్తరాన చలిదేశాలకు పోతూ ఈ పిట్టలు ఇక్కడ పది రోజులు ఆగుతాయి. ఆ రోజుల్లో తిన్న తిండే ముందున్న దారంతటికీ బలం. వెయ్యికి తగ్గకుండా ఉంటేనే దిబ్బ చుట్టూ తాడు కట్టి మనుషుల్నీ కుక్కల్నీ ఆపాలని ఆఫీసు నియమం. తగ్గితే తాడు విప్పేయాలి. తగ్గినప్పుడే కదా కాపలా కావాల్సిందని, ఆమెకు సాయంగా పనిలో చేరిన కొత్తలో నేను వాదించాను.

"నువ్వూ చెప్పి చూడు. నాకైతే నోరు నొప్పెట్టింది," అంది గవ్వలక్క.

ఈ వసంతం లెక్క రోజు ఉదయం పదకొండు గవ్వలు జేబు మారాయి. ఆఫీసరుకు ఫోన్ చేసి పదకొండు వందలని చెప్పేసింది. ఈ ఏడాదికి తాడు ఉంటుందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం బెంచీ మీద కూలబడింది.

"మధ్యలో డేగ వస్తే కుడివైపు గుంపు లేచింది కదా. ఎక్కడ దిగింది?"

"ఎడమ చివర, అక్కా."

"నేను కుడి నుంచి ఎడమకే కదా లెక్కపెట్టుకుంటూ పోయింది."

లెక్కపెట్టిన పిట్టల్నే మళ్లీ లెక్కపెట్టింది. పక్కనే ఉన్న నేనూ గమనించలేదు. రాత్రి మా పాపకు జ్వరం, నాకు కునుకు లేదు. నీళ్లు దిగకముందే ఇద్దరం మళ్లీ లెక్కపెట్టాం. ఎనిమిది వందల అరవై.

"ఎవరికి తెలుస్తుందక్కా? వదిలేయ్. తాడైనా ఉంటుంది."

"తాడుంటుంది. రేపు నీ కూతురు ఈ లెక్కల పుస్తకం తెరిచి, పిట్టలకేం, నిక్షేపంగా ఉండేవి అనుకుంటుంది."

ఆమె మళ్లీ ఫోన్ చేసింది.

"ఏంటమ్మా, గంటలో రెండు వందల నలభై పిట్టల్ని మింగేశావా?" ఆఫీసరు గొంతు నాక్కూడా వినిపించింది.

"మింగితే ఇంత నీరసం ఎందుకుంటుంది సార్?"

అటువైపు నవ్వు, ఆ తర్వాత నిట్టూర్పు. "నియమం తెలుసుగా మరి."

"తెలుసు సార్."

మధ్యాహ్నం ఇద్దరం తాడు విప్పుతుంటే, కుక్కతో వచ్చిన ఒకాయన ఆగాడు.

"ఇక అటు వెళ్లొచ్చాండీ?"

"వెళ్లొచ్చు. కుక్కని కాస్త పట్టుకోండి నాయనా."

ఆయన తలూపుతూనే కుక్క గొలుసు విప్పేశాడు. గవ్వలక్క అటు చూడకుండా తాడు చుట్టుకుంటూ పోయింది.