ఉప్పు లాగిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా అవ్వను నా కళ్ళ ముందే దొంగ అన్నారు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండిపోతుంది. నకిరేకల్ పక్క పల్లె మాది, నైజాం రోజులు. ఎండాకాలం వస్తే, దొరలుండే పెద్ద బంగళా గడీలో వాళ్ళ మామిడికాయలన్నీ మా అవ్వే వెట్టికి కోసి, ఉప్పు పట్టించి, జాడీల్లో ఊరబెట్టాలి. కూలీ లేదు, నాలీ లేదు.

ఆ ఏడు గడీకి కొత్త దొరసాని వచ్చింది. పట్నంలో పెరిగిన మనిషి, తొక్కు పచ్చడి తినడమే తప్ప పెట్టడం ఎరగదు. మెడదాకా నింపిన జాడీని మూడోనాడు మూత తీసి చూస్తే జానెడు దిగి ఉంది. ముక్కలు వడిలి చిన్నబోయాయి. అంతే, ఆమె అరుపులకు గడీలో ఉన్నవాళ్ళంతా మూగారు. "ముక్కలు ఎత్కపోయినవే దొంగముండా!" అని మా అవ్వను ఎండలో నిలబెట్టింది. అవ్వ కొంగు పట్టుకుని నేను పళ్ళు కొరుకుతూ నిలబడ్డాను.

అవ్వ గొంతు పెంచలేదు. "బాంచెను దొరసానీ, నేను ముట్టలే. మీ చేతులతోనే ఒక దోసకాయ కొయ్యుండ్రి. సగం చెక్కలకు ఉప్పు సల్లుండ్రి, సగం ఉత్త నీళ్ళల్ల ఎయ్యుండ్రి. జర ఆగి చూడుండ్రి" అంది.

పొద్దు వాలేసరికి ఉప్పు గిన్నెలో ఎవరూ పొయ్యకుండానే నీళ్ళూరాయి, చెక్కలు పీలికల్లా వేలాడాయి. ఉత్త నీళ్ళలోవి బిర్రుగా అయి, విరిస్తే ఫట్‌మన్నాయి. కాయలో కంటికి కనపడని కణాలుంటాయనీ, వాటి పొరలోంచి నీళ్ళు ఉప్పు ఎక్కువున్న దిక్కుకు పోతాయనీ మా మనవరాలు ఈమధ్య బడిపుస్తకం చూసి చెప్పింది. మా అవ్వ ఏ బడికి పోయింది? ఏళ్ళ తరబడి ఉప్పులో చేతులు కోసుకుపోతే వచ్చిన విద్య అది.

దొరసాని రెండు గిన్నెలూ చూసింది. "సరే తియ్యి, పోయి పని చూస్కో" అంది.

అవ్వ కదల్లేదు. "దొంగ అని అందరి ముంగట అంటిరి. గా మాట అందరి ముంగట్నే తీసెయ్యుండ్రి" అంది.

దొరసాని లోపలికి పోయి తలుపేసుకుంది. జనం తలలు వంచుకుని ఎవరి పనికి వాళ్ళు పోయారు. అవ్వ చాలాసేపు ఆ తలుపు ముందే నిలబడింది. ఆ మాట మోసుకునే చచ్చిపోయింది.

నాకూ నోటి దురుసు ఎక్కువే. మొన్న గొలుసు కనబడక, నలుగురిలో మా కోడలి మీద నోరు జారాను. గొలుసు నా దిండు కిందే దొరికింది. ఆ నలుగురినీ మళ్ళీ పిలిచి, వాళ్ళ ముందే "తప్పు నాదే బిడ్డా" అన్నాను. ఆ దొరసాని మీద కోపం మాత్రం ఈ ముసలితనంలోనూ తగ్గలేదు. తగ్గనివ్వను.