రత్నమ్మత్త అడిగిన ప్రశ్న

మొన్న చింతామణిలో చేలూరు మీదుగా బాగేపల్లి పోయే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడి కూర్చుంటే, కాళ్ళకు తడిగుడ్డలో చుట్టిన మూట ఒకటి తగిలింది. ఎవరో రైతు అప్పుడే కోసుకొచ్చిన మల్బరీ ఆకు. ఎండకు బస్సు వేడెక్కేకొద్దీ ఆ పచ్చివాసన అంతటా నిండిపోయింది. పక్కనున్న పెద్దమనిషి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం దిగవలసిన చోటు దాటిపోయిన సంగతి కూడా తెలియకుండా ఆ మూటనే చూస్తూ కూర్చున్నాను. ఆ వాసన తగిలితే నాకు రత్నమ్మత్త గుర్తుకొస్తుంది. ఆమె లేకపోతే ఈ బస్సెక్కడానికి నేను ఉండేవాణ్ణి కాదు. పెద్ద పెద్ద మాటలు నాకు గిట్టవు. కానీ ఇది పెద్ద మాట కాదు, జరిగిన మాట.

గూళూరు దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి గోడకు అవతలి ఇల్లు ఆమెది. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. భర్త పోయాక ఎకరం మల్బరీ తోటనూ, ఇంటి వెనక షెడ్డులో పెంచే పట్టుపురుగులనూ నమ్ముకుని బతికింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. రోజులో ఎవరో ఒకరిని కసరకపోతే ఆమెకు తిన్నది అరిగేది కాదేమో. పురుగులతో మాత్రం మెత్తగా మాట్లాడేది.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. బెంగళూరులో ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చి పడ్డాను. ఎందుకు వదిలేశావని అందరూ అడిగేవాళ్ళు. చెప్పడానికి ఒక కారణం ఉండి ఉంటే ఎంత బాగుండేదో! నన్నెవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. పొద్దున లేచి పళ్ళు తోముకోవడం కూడా కొండెక్కినంత పనైపోయింది, అంతే. మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాను. నాన్న అది సోమరితనం అన్నాడు. అమ్మ తాయెత్తు కట్టించింది. వీళ్ళ మధ్యలో ఒక ఆలోచన వచ్చి చేరింది, నేను లేకపోతే వీళ్ళు సుఖపడతారని. మొదట్లో అది భయపెట్టింది. తర్వాత ఊరటనివ్వడం మొదలుపెట్టింది. ఆ ఊరటే అసలు ప్రమాదమని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు.

ఒక పొద్దున రత్నమ్మత్త మా వాకిట్లో నిలబడి కేకేసింది.

"వదినా, ఆకేసే మనిషి రాలా. నీ కొడుకును పంపు."

"వాడు లేస్తే కదమ్మా" అంది అమ్మ.

"నేను లేపుతా, దావ ఇయ్యి."

పట్టుపురుగులు పెంచేవాళ్ళు ఆ షెడ్డులోకి బయటివాళ్ళను రానివ్వరు. రోగం తెస్తారని, దిష్టి తగులుతుందని భయం. ఇంటివాళ్ళయినా చెప్పులు బయట విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని పోవాలి. సొంత చెల్లెల్ని కూడా గడప బయటే ఆపే మనిషి నన్ను లోపలికి రమ్మంది. అయితే ముందు గడప దగ్గర నిలబెట్టి వాసన చూసింది.

"నీళ్ళు పోసుకోని ఎన్ని దినాలాయ శీనా?"

"గుర్తు లేదత్తా."

"పో, పోసుకోని రా. నాకేం లేదప్పా, పురుగులకు పడదు."

మూడు నెలలు అమ్మ బతిమాలినా చెయ్యని స్నానం పురుగుల కోసం చేశాను. ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది.

ఆ రోజు నుంచి నాకు పని పడింది. ఆకు కోసుకురావడం, తట్టల మీద పరచడం, చెత్త తీసెయ్యడం. ఆమె నన్ను ఉత్సాహపరచలేదు, ధైర్యం చెప్పలేదు. తోచినప్పుడు తిట్టేది. నవ్వుతూ కనిపించాల్సిన అవసరం లేని చోటు ఒకటి ఈ భూమ్మీద ఉందని నాకు ఆ షెడ్డులోనే తెలిసింది. అయితే మనసు బాగుపడిందని అనుకోకండి. చేతులు పని చేస్తున్నా ఆలోచన మాత్రం అక్కడే ఉంది.

పురుగులు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పొర విడుస్తాయి. ఆ ఒకటి రెండు రోజులు మేత ముట్టవు, తల ఎత్తి కదలకుండా ఉంటాయి. అప్పుడు వాటిని ఎవరూ తాకకూడదు. ఒకసారి అలా ఉన్న తట్టల ముందు నిలబడి, "నన్ను కూడా ఇట్లా వదిలేస్తే బాగుండును" అన్నాను.

ఆమె చీపురు ఆపి నా వైపు చూసింది. "అవి పురుగులు. ఒంటిగా వదిల్తే లేస్తాయి. మనుషులు లెయ్యరు" అని మళ్ళీ ఊడ్చుకోసాగింది.

ఆ విడతలో పురుగులు గూళ్ళు కట్టడానికి ఇంక నాలుగైదు రోజులుందనగా, ఆమె తోటలో ఆకు చాలక పక్క ఊరివాళ్ళ తోట నుంచి తెప్పించింది. బయటి ఆకు వచ్చినప్పుడు ఆమెకు ఒక కట్టుబాటు ఉండేది. ముందు పది పురుగులను వేరే పళ్ళెంలో పెట్టి వాటికి వేసి చూడాలి. ఒక పూట గడిచి అవి బాగుంటేనే మిగతావాటికి వెయ్యాలి. ఆ రోజు ఆమె పని మీద బాగేపల్లికి పోతూ ఈ మాట నాకు రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. ఆమె పోయాక మోపులు విప్పి నేరుగా అన్ని తట్టల మీదా పరిచేశాను. ఆ రోజుల్లో విన్న మాట నా తలలో నిలిచేది కాదు.

ఆ మల్బరీ తోట పక్కనే టమాటా తోట ఉందని, దానికి ముందురోజే పురుగుమందు కొట్టారని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి పురుగులు తలలు ఊపుతూ పచ్చగా కక్కుకోవడం మొదలుపెట్టాయి. నా కళ్ళ ముందే తట్ట తర్వాత తట్ట. ఆమె నెల కష్టం. నేను షెడ్డు తలుపు వేసి ఇంటికి వచ్చేశాను. అమ్మానాన్నా పొలంలో ఉన్నారు. చేతకాని బతుకుకు ఇదే సాక్ష్యం అనుకున్నాను. ఈ రోజే, అనుకున్నాను. అంతకన్నా రాయడం ఇష్టం లేదు.

బస్సు దిగిన రత్నమ్మత్త షెడ్డు చూసి, నేరుగా మా ఇంట్లోకి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుంది. దారిలో పరుగెత్తిందేమో, రొప్పుతోంది.

"శీనా, నా మొగం చూసి చెప్పు. చచ్చిపోవల్లని ఉండాదా?"

అన్ని నెలల్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. తిన్నావా అన్నారు, నిద్రపోయావా అన్నారు, ఉద్యోగం ఎప్పుడన్నారు. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. ఆమె కదల్లేదు.

"ఉండాదత్తా."

"ఈ పొద్దే అనుకుంటివా?"

"ఊఁ."

ఆమె ఏడవలేదు, తప్పు అనలేదు, అమ్మానాన్నలను తలచుకోమనలేదు. "సరే, చెప్పినావు కదా. ఇంగ నేను యాడికీ పోను, ఈడే కూచుంటా" అంది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. నెలల తరబడి రాని ఏడుపు.

కాసేపటికి, "పురుగులన్నీ చచ్చిపోయినాయత్తా, నా వల్లనే" అన్నాను.

"చూస్తి. మల్లా పిల్లపురుగుల్ని తెచ్చుకుంటా. నిన్ను యాడ తెచ్చుకునేది?"

అమ్మానాన్నా వచ్చాక దాచకుండా అన్నీ చెప్పింది. కొన్ని రోజులు నన్ను ఒంటరిగా వదలొద్దని, ఇంట్లో ఏవేవి అందకుండా పెట్టాలో నాన్నకు వివరించింది. మర్నాడు మొదటి బస్సుకే చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి, మనసు డాక్టరు దగ్గరికి, నలుగురం పోయాం. ఇది రోగమని, మందు ఉందని, మాట్లాడుతూ ఉండాలని డాక్టరు చెబుతుంటే నాన్న తల వంచుకుని విన్నాడు. సోమరితనం అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచి రోజూ మాత్ర నా చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు.

మందు మొదలుపెట్టగానే అన్నీ సర్దుకోలేదు. మొదటి వారాలు నోరెండిపోయేది, పగలంతా మత్తు. ఒక రోజు బాగుంటే రెండు రోజులు బాగుండేది కాదు. డాక్టరు మందు మార్చాడు. ఎప్పుడు తేలికపడిందో తేదీ చెప్పలేను. ఒక రోజు అమ్మ చేసిన రాగిముద్ద, పులుసు తింటూ ఉప్పు తక్కువైందని గొణిగాను. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి విడత పురుగులకు రత్నమ్మత్త మళ్ళీ నన్నే పిలిచింది. ఒక పంట మొత్తం చంపినవాణ్ణి మళ్ళీ గడప దాటిస్తావా అని ఊళ్ళో అన్నారు. "ఇంగ ఈ ఊర్లో వానంత జాగ్రత్తగా ఆకు చూసేవాడు ఇంగొకడు ఉండడు" అందట. నిజమే, ఆమె సొంత తోట ఆకును కూడా పళ్ళెంలో వేసి పరీక్ష చేస్తూ కూర్చునేవాణ్ణి. "చాలు లేప్పా, నీ పరీక్షలు ముగిసేలోగా అవి ఆకలికి చస్తాయి" అని కసిరేది.

ఆ రోజుల్లోనే ఒకసారి అడిగాను, ఆ మాట అంత సూటిగా ఎలా అడగగలిగావని. ఆమె ఆకు తుంచుతూనే చెప్పింది.

"నాకొక తమ్ముడు ఉండె. వాడూ నీ మాదిరే గోడ చూసి పండుకుంటా ఉండె. నాకు అనుమానం వచ్చింది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయపడితి. అడగలా." ఇంకో ఆకు తీసుకుంది. "అడిగిన్నా పొయ్యేవాడేమో. నాకు తెలీదు. కానీ నేను అడగలా."

రెండేళ్ళ కిందట ఆమె చక్కెర జబ్బుతో పోయింది. ఇప్పుడు నేను చింతామణిలో హైస్కూలు మాస్టర్ని. పెళ్ళయింది, కూతురుంది. బడిపిల్లల్లో ఎవరైనా మౌనంగా మారిపోతే పక్కకు పిలిచి సూటిగా అడుగుతాను. అడగడం ఆమె దగ్గర త్వరగానే నేర్చుకున్నాను. నాకు కష్టమైంది రెండో సగం.

పోయిన వానాకాలంలో ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది. ఉద్యోగం బాగుంది, ఇల్లు బాగుంది, అయినా వచ్చింది. వారం రోజులు పాఠాలు చెప్పాను, కూతురికి జడలు వేశాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి భోంచేశాను. ఎవరికీ అనుమానం రాలేదు. అంత బాగా నటించాను. వాళ్ళలో ఎవరైనా నా ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్న అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అడగరని ఎనిమిదో రోజు సాయంత్రం అర్థమైంది. వంటింట్లో నా భార్య పద్మ చపాతీలు కాలుస్తోంది. గడప దగ్గర నిలబడ్డాను.

"పద్మా, నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. నాకు మళ్ళీ చచ్చిపోవాలనిపిస్తోంది."

ఆమె స్టవ్ ఆపేసింది. చేతికి పిండి అలాగే ఉంది. వచ్చి నా చెయ్యి పట్టుకుని, "కూర్చో" అంది.

కూర్చున్నాను.