పురిటికి వచ్చిన గూడబాతులు

మా పెద్దమ్మ ఊరు కొల్లేటి ఒడ్డున. అక్కడి చింతచెట్ల మీద ఏటా గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఎవరూ చెట్టెక్కరు, కాయ దులపరు. పండిన కాయ రాలిపోతున్నా సరే. పురిటికి వచ్చిన ఆడపిల్లలంటారు ఆ పక్షుల్ని.

ఏలూరులో మిషన్ బడి చదువు ముగించి నేను అక్కడున్నప్పుడు, మద్రాసు నుంచి ఒక దొర దోనెలో వచ్చాడు. జంతుశాలలు నడిపే సంఘం మనిషి. ఆ ఊళ్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని నన్ను పెదనాన్న దొడ్లో చెట్టు కిందికి పిలిపించారు.

దొర మర్యాదగానే చెప్పాడు. సంఘం పెట్టినవాళ్లు ఒకప్పుడు వేటగాళ్లేనట. కొమ్ములూ తోళ్లూ గోడలకు తగిలించి తగిలించి, అడవులు ఖాళీ అవుతున్నాయని తెలిసి తుపాకులు దించారట. ఇప్పుడు మిగిలినవాటిని కాపాడి జనానికి చూపిస్తారట. ఈ గూళ్లలోంచి కొన్ని పిల్లలు కావాలట.

నేను తెలుగులో చెప్పగానే పెద్దమ్మ చేట కింద పెట్టింది.

"పురిటి మంచం మీంచి బిడ్డనెత్తుకుపోయి కాపాడతాడంటనా? వాళ్లావిడ కాన్పుకి పుట్టింటికి వెళ్లలేదేమో అడగవే!"

"నువ్వుండవే," అన్నారు పెదనాన్న. "అమ్మాయ్, సరేనన్నామని చెప్పు. అంతదూరం నుంచి వచ్చారు."

"ఈ దొడ్డి మా నాన్న నాకిచ్చిందండీ. మీరు సరేనంటే సరిపోద్దా?"

దొర వెంట వచ్చిన మనిషి అప్పటికే పంచె ఎగ్గట్టి వల విప్పుతున్నాడు. ఇంగ్లీషులో మెత్తగా తప్పుకునే మాటలు బోలెడు, పుస్తకాల్లో చదివినవే. అవేవీ వాడలేదు. పెద్దమ్మ అన్నది అన్నట్టే చెప్పాను, వాళ్లావిడ సంగతితో సహా. ఆపైన నా మాటా కలిపాను.

"మీ సంఘం తుపాకులు దించి మొదలుపెట్టిన పని ఈ ఊరు తుపాకీ పట్టకుండానే చేస్తోంది. చూడాలనుకున్నవాళ్లను ఇక్కడికే తీసుకురండి."

దొర ముఖం ఎర్రబడింది. జవాబివ్వబోతూ తలెత్తాడు. పైనుంచి రెట్ట టప్పున ఆయన టోపీ మీద పడింది.

"తుడుచుకుని కూర్చోమను," అంది పెద్దమ్మ. "మజ్జిగిస్తాను."

అదీ చెప్పాను. దొర టోపీ తీసి తుడుచుకుని కూర్చున్నాడు. మజ్జిగ తాగి, వల చుట్టించుకుని వెళ్లిపోయాడు. పెదనాన్న ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. పోనీ అనుకున్నాను.

ఉగాదికి ముందు గూళ్లు ఖాళీ అయ్యాయి. పెద్దమ్మ గెడకర్ర తెచ్చి, పెదనాన్న చూస్తుండగానే నా చేతికిచ్చింది.

"ఇంక దులుపు," అంది.