అమ్మ పరీక్ష రోజు దారిలో ఆగిన కారు

మా చిన్నప్పుడు... ఒక వేసవి పొద్దున, పాకాల నుంచి తిరుపతికి పోయే దారిలో, మామిడి తోటల మధ్య మా నాయన పాత కారు బుస్సుమని ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. నేనప్పుడు ఐదో తరగతి. నా పక్కన అమ్మ... ఒళ్ళో కొలతల పుస్తకం.

ఆ రోజు పది గంటలకు తిరుపతిలో అమ్మకు టైలరింగ్ పరీక్ష. అది పాసైతేనే బడిలో కుట్టు టీచరు ఉద్యోగానికి అర్హత. నిజానికి ముందు సంవత్సరమే రాయాల్సింది. సరిగ్గా పరీక్ష రోజే నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. అమ్మ హాల్ టికెట్ మడిచి బీరువాలో పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు... కానీ ఆ పరీక్ష నా వల్లే పోయిందని నాకు తెలుసు. అందుకే ఆ ఆవిరి చూడగానే అందరికంటే ముందు నాకే ఏడుపొచ్చింది.

బస్సెక్కి పోదామంటే కుదరదు. పరీక్షకు ఎవరి మిషన్ వాళ్ళే తెచ్చుకోవాలి. అమ్మ తొక్కుడు మిషన్‌ను డిక్కీలో పడుకోబెట్టి, మూత పడకపోతే తాడుతో కట్టాడు నాయన. వచ్చిన ఒక్క బస్సూ కిటకిటలాడుతోంది. కండక్టరు మిషన్ వైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

నాయనకు ఆ కారంటే ప్రాణం. దాని మీద ఇంకొకరు చెయ్యి వేసినా ఒప్పుకునేవాడు కాదు. దిగీ దిగగానే తువ్వాలుతో రేడియేటర్ మూత తిప్పబోయాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. కుక్కర్ మూతైనా ఆవిరి పోయాకే కదా తీసేది అంది. అరగంట ఆగాం. ఈలోగా అమ్మా నేనూ తోటలోని బావి నుంచి క్యాను నిండా నీళ్ళు తెచ్చాం. నాయన కొద్దికొద్దిగా పోశాడు. ఎక్కడా కారడం లేదు. నీళ్ళు తక్కువై వేడెక్కినట్టుంది, ఇక పోదాం అన్నాడు.

పొద్దున నిండుగా పోసిన నీళ్ళు ఇంతలో ఎందుకు మరిగాయని అమ్మ అడిగింది. అమ్మే వంగి లోపలికి చూసింది.

"ఇదో, ఈ బెల్టు సూడు. వేలు పెడితే లోపలికి పోతా ఉండాది. ఇంత వదులుగా ఉంటే నా మిషనే తిరగదు, నీ ఫ్యాను యాడ తిరుగుతాది?"

కుట్టు మిషన్ వేరు, కారు వేరు అని నాయన నవ్వబోయాడు. తర్వాత తనూ వేలు పెట్టి నొక్కి చూశాడు... నవ్వు ఆగిపోయింది. గతుకుల దారికి, బెల్టును బిగువుగా పట్టే డైనమో బోల్టు వదులై, బెల్టు జారిపోతోంది. ఇంజనును చల్లబరిచే ఫ్యాను తిరగాలన్నా, ఇంజనులో నీళ్ళు తిరగాలన్నా ఆ బెల్టే ఆధారం.

జాకీ రాడ్డుతో డైనమోను పక్కకు నెట్టి పట్టుకోవడానికే నాయనకు రెండు చేతులూ సరిపోయాయి. ఒక్క క్షణం ఆలోచించి, స్పానర్ అమ్మకిచ్చాడు. పరీక్షకని కట్టుకున్న లేత నీలం చీర కొంగు నడుముకు దోపి, బోల్టు అమ్మే బిగించింది.

తాళం తిప్పితే ఇంజను కిర్రుకిర్రుమంటోంది గానీ అందుకోవడం లేదు... తొమ్మిది దాటిపోయింది.

అప్పుడే మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. తెల్ల టోపీ, నెరిసిన గడ్డం. తోటల్లో నీటి మోటార్లు బాగుచేసే సాయిబునని చెప్పాడు. నాయన జరిగిందంతా చెప్పాడు. ఆయన ఇంజనుకు ఆనుకుని ఉన్న చిన్న పెట్రోలు పంపు మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇంజనుకేం కాలేదన్నా. ఈ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతా ఉండాది. తడిగుడ్డ ఏసి పది నిమిషాలు ఊరికే ఉండండి."

తువ్వాలు తడిపి పంపుకు చుట్టాం. ఆ పది నిమిషాలు ఎంతకీ గడవలేదు... అమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చుంటే, నేను దగ్గరికి పోయి, పోయిన ఏడు నా వల్లే కదా నీ పరీక్ష పోయింది అన్నాను.

అమ్మ నా ముఖం తుడిచింది. "జరం నువ్వు పిలిస్తే వచ్చినాదా? ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు రాస్తా. రాయకుండా మాత్రం ఉండను."

ఈసారి తాళం తిప్పగానే ఇంజను రెండుసార్లు దగ్గి... అందుకుంది. మళ్ళీ ఆగుతుందేమోనని సాయిబు చంద్రగిరి దాకా మా వెనకే వచ్చాడు. అక్కడ చెయ్యి ఊపి వెనక్కి తిరిగిపోయాడు. పేరైనా అడగలేదు మేము.

పదీ ఇరవైకి చేరాం. హాల్లో ఉన్న మేడం అమ్మ గోళ్ళలోని గ్రీజు చూసి ఏమిటని అడిగింది. కారు బాగుచేసుకుని వచ్చినానని అమ్మ చెప్పింది. ఆవిడ గడియారం చూసి, ఆలస్యమైనా పరవాలేదు, చేతులు కడుక్కుని వచ్చి కూర్చోమంది.

అమ్మ పాసైంది. మరుసటి సంవత్సరమే ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. కారులో ఏ చప్పుడొచ్చినా నాయన ముందుగా పిలిచేది అమ్మనే...

పోయిన నెల అదే దారిలో నా కారు ఆగిపోయింది. ఫోన్ చేస్తే గంటలో క్రేను బండి వచ్చి కారును ఎత్తుకుపోయింది. ఇబ్బందేమీ లేదు. కానీ ఆ గంటసేపూ ఎవరూ ఆగలేదు... నేనూ అద్దాలు దించలేదు. ఇంటికొచ్చాక అదే మనసులో మెదిలింది. మొన్న రేణిగుంట దారిలో ఒక కుటుంబం అలాగే నిలబడి ఉంటే, నేను ఆగాను. ఇంజను గురించి నాకు తెలిసింది తక్కువే. బాగుచేసే మనుషులు రావడానికి టైము పడుతుందంటే, అంతదాకా వాళ్ళతో కబుర్లు చెబుతూ ఉండిపోయాను. వాళ్ళ ముఖాల్లో బెరుకు పోయింది.

అప్పట్లో ఆగడం మామూలు సంగతి... ఇప్పుడు ఆగితేనే వింతగా చూస్తున్నారు. మీ దారిలో అలా ఆగిన మనిషి ఎవరు? పేరు తెలియకపోయినా సరే... రాయండి, చదవాలని ఉంది.