బొగ్గుబావి నుంచి తెల్లగా వచ్చిన మనిషి

2022 వానాకాలం. గోదావరిఖనిలో బొగ్గుకంపెనీ దవాఖానలో నేను రెఫరల్ క్లర్కును. రెఫరల్ అంటే ఇక్కడ కుదరని వైద్యానికి కార్మికుణ్ని హైదరాబాద్ పంపుతూ రాసే ఉత్తరం. జబ్బు సంగతి డాక్టరు రాస్తారు. పేరు, వయసు, చేసే పని నేను రాస్తాను. నా వంతు ఆ మూడు లైన్లే కాబట్టి నన్నెవరూ పెద్దగా ఖాతరు చేయరు. ఎవరెవరు, ఎప్పుడెప్పుడు ఖాతరు చేయలేదో మాత్రం నాకు బాగా గుర్తుంటుంది.

రాజమల్లు ల్యాంప్ రూమ్‌లో పనిచేసేవాడు. బావిలోకి దిగే కార్మికులకు తలదీపాలు ఇచ్చే గది అది. పైపనే, దుమ్ముండదు. అయినా నాలుగేళ్లుగా దగ్గు, ఆయాసం. ఎక్స్-రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు. తెమడ పరీక్షలో క్రిమి ఒక్కసారి కూడా కనపడకపోయినా టీబీ మందులు రెండు కోర్సులు వాడాడు. హైదరాబాద్ రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఒక డాక్టరు పాత టీబీ అన్నాడు, ఇంకొకరు ఆస్తమా అన్నారు. ఆ రెండు ఉత్తరాల్లోనూ ‘ల్యాంప్ రూమ్’ అని రాసింది నేనే.

మూడోసారి భార్య లచ్చవ్వతో వచ్చాడు. ఇంకో కోర్సు మొదలుపెట్టే ముందు టీబీ అన్న ఛాతీ డాక్టరు దగ్గరికే మళ్లీ పంపమని మా పెద్ద డాక్టరు చీటీ రాశారు. మెట్లెక్కిన ఆయాసం తగ్గక రాజమల్లు బల్ల మీద కూలబడ్డాడు. లచ్చవ్వ సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి నీళ్లు పోసింది. గ్లాసుకు ఎర్రదారం కట్టి ఉంది.

“దారమేందమ్మా?” అన్నాను.

“గది ఆయన గిలాస సారు. మా వాటిల కలవొద్దని గట్టిన. కంచం వేరే, మంచం వేరే. నాలుగేండ్లాయె.”

“మా ఇంట్ల కుక్క గూడ నాకంటె దగ్గర పంటది అన్న,” అన్నాడు రాజమల్లు. నవ్వబోతే దగ్గొచ్చింది. లేచి నా కౌంటర్ మీద అరచెయ్యి చప్పుడయ్యేలా ఆనించి నిలదొక్కుకున్నాడు.

ఆ చెయ్యి చప్పుడు నాకు తెలుసు.

దవాఖానకు రాకముందు నేను గని ఆఫీసులో గేటు పాసులు రాసేవాణ్ని. ఒకరోజు ఒక కుర్రకూలీ పాసులో సంతకం లేదని వెనక్కి పంపాను. వాడు కౌంటర్ మీద ఇలాగే చెయ్యి చరిచి, చొక్కా నా రిజిస్టర్ మీద దులిపి, “కుర్సీల కూసునెటోనికి దుమ్మంటె ఏమెరుక?” అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. బావిలోంచి వచ్చే మనిషి నల్లగా ఉంటాడు. వాడు మాత్రం పిండిగిర్నిలోంచి వచ్చినట్టు కనుబొమల దాకా తెల్లగా ఉన్నాడు. రిజిస్టర్ ఎంత తుడిచినా ఆ తెలుపు పోలేదు.

“నా రిజిస్టర్ మీద చొక్క దులిపింది నువ్వే కదా?” అన్నాను.

అతను తేరిపార చూశాడు. “ఓరి దేవుడా! గప్పటి ముచ్చట ఇంక యాదికుంచుకున్నవా అన్న?”

“దుమ్ము తెల్లగెందుకున్నది?”

“బండ దుమ్ము గద. ఒక బొగ్గు పొర కెల్లి ఇంకో పొరకు బండల సొరంగం కొట్టేది మేము. కాంట్రాక్టరు దగ్గర. ఆరేండ్లు డ్రిల్లు వట్టిన.”

“మరి డాక్టర్లకు చెప్పలేదేంది?”

“వాళ్లు ఏం నౌకరి అని అడిగిన్రు. ల్యాంపు రూమన్న. మా నాయిన నౌకరి నాకొచ్చినంకనే గద నాది నౌకరి. అంతకుముందుది కూలి. కూలి గూడ ఒక నౌకరేనా?”

ఈ బొగ్గుగనుల బెల్టులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. పర్మనెంట్ కాని పని పనే కాదు. కాగితాల్లో ఉండదు, నోట్లోకీ రాదు. నేనూ రెండుసార్లు అదే మాట అడిగి, అతను చెప్పిందే రాశాను. నా తప్పు అక్కడుంది.

చీటీ పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను. “సార్, ఇతను రాతి దుమ్ములో చేశాడు. మళ్లీ అదే డాక్టరుకా?” అన్నాను. ఆయన తలెత్తకుండా, “నువ్వు క్లర్కువి, డాక్టరువి కాదు,” అన్నారు. అదీ గుర్తుంది. ఆరోజు నుంచి వారం పాటు మధ్యాహ్నం భోజనం మానేసి హైదరాబాద్ దవాఖానలకు ఫోన్లు చేశాను. అడిగింది ఒకటే. రాళ్లు కొట్టేవాళ్ల ఊపిరితిత్తులు మీ దగ్గర ఎవరు చూస్తారు? కొందరు లైనులో ఉంచి మరచిపోయారు. ఒకామె “రాంగ్ నంబర్” అని పెట్టేసింది. మళ్లీ చేశాను. ఆరో దవాఖానలో డాక్టర్ వసుంధర అనే పల్మనాలజిస్టు, అంటే ఊపిరితిత్తుల నిపుణురాలు, తానే ఫోన్ తీశారు.

“మచ్చల సంగతి నేను చూసుకుంటాను. ఎన్నేళ్లు చేశాడు, రోజుకు ఎన్ని గంటలు, దుమ్ము లేవకుండా డ్రిల్లుకు నీళ్లు పెట్టేవారా, అది రాసి పంపండి. మీరు కళ్లారా చూసింది కూడా రాయండి,” అన్నారు.

నా మూడు లైన్లు రెండు పేజీలయ్యాయి. పెద్ద డాక్టరు మొత్తం చదివారు. పాత చీటీ చింపేసి ఆమె పేరుకే సంతకం చేశారు. ఇదీ రాయాలి కదా.

రాజమల్లుతో నేనూ వెళ్లాను. ఆమె సీటీ స్కాన్ తీయించి, తెమడ మళ్లీ పరీక్షకు పంపి, అన్నీ వచ్చాక చెప్పారు. “ఇది సిలికోసిస్. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి కట్టిన గడ్డలు. కరిగించే మందు లేదు. ఆయాసానికి మందులున్నాయి, శ్వాస వ్యాయామం నేర్పిస్తాం. ఇప్పుడు టీబీ లేదు. కానీ ఈ జబ్బున్నవాళ్లకు అది తొందరగా వస్తుంది కాబట్టి క్రమం తప్పకుండా చూపించుకోవాలి.”

నయం కాదన్న మాటకు రాజమల్లు తల దించుకున్నాడు. లచ్చవ్వకు మాత్రం వేరే సందేహం.

“అమ్మా, ఇది అంటుకుంటదా?”

“అంటుకోదమ్మా. దుమ్ము ఆయన లోపల ఉంది. మీకెలా వస్తుంది?”

బయట బెంచీ మీద లచ్చవ్వ టిఫిన్ డబ్బా విప్పింది. పులిహోర మూతలో పెట్టి, ముందు తానొక ముద్ద తిని, అదే మూత అతని ముందుకు జరిపింది. అతను తినలేదు. మూత వైపే చూస్తూ కూర్చున్నాడు.

“తిను. ఏం జూస్తవ్? ఉప్పు ఎక్కువైందా?” అంది. గ్లాసు దారాన్ని పళ్లతో కొరికి తెంపింది.

రాజమల్లు కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. “అన్న, ఆనాడు నేనన్న మాటకు తప్పైంది. మరిచిపో.”

“మరిచిపోతె నీకింకో కోర్సు గోలీలు నడుస్తుండె. నేను మర్వ,” అన్నాను. ముగ్గురం నవ్వాం.

అతను ఇప్పుడు మెట్లు ఆగి ఆగి ఎక్కుతాడు. నెలకోసారి కనపడతాడు. ఆ డాక్టరమ్మకు, సంతకం చేసిన మా పెద్ద డాక్టరుకు, చెయ్యి చరిచిన ఆ కుర్రవాడికి కూడా నేను రుణపడి ఉన్నాను. ఇప్పుడు ఛాతీ కేసు ఏదొచ్చినా నౌకరి ఏమిటని అడగను. “చిన్నప్పటి సంది ఏమేం పని జేసినవ్? కూలి గూడ చెప్పు,” అంటాను. ఇటుక బట్టీలు, రాతి క్వారీలు, పత్తి మిల్లులు అప్పుడు బయటికొస్తాయి. ఫారంలో వాటికి చోటు లేదు. గడి పెంచమని మూడు అర్జీలు పెట్టాను, జవాబు రాలేదు. నాలుగోది రాస్తున్నాను. అప్పటిదాకా అంచుల్లో చేత్తో రాస్తాను.