వాలుగ కాదు, వాలై

కెనడాలోని ఎడ్మంటన్‌లో మాస్టర్స్ చేస్తున్న రోజుల్లో, ఒక వేసవి ఉత్తరాన ఓ చిన్న సరస్సు మీద పనిచేశాను. వల వేసి చేపల్ని కొలవడం, వదిలేయడం. అక్కడ ఏడాదిలో సగం రోజులు నీళ్లు గడ్డకట్టే ఉంటాయి. మన చెరువుల్లో ఏడాదికే కూరకొచ్చే సైజు, అక్కడి చేపకి రావాలంటే ఏళ్లు పడుతుంది. గుడ్లు పెట్టేది ఆ తర్వాతే.

ఆ సంవత్సరాల్లో మన విద్యార్థులు తండోపతండాలుగా దిగారు. మా చర్చిలో భీమవరం అంకుల్ ఒకాయన, ఇంటిమీద బెంగ పెట్టుకున్న పిల్లల్ని శనివారాలు వ్యాన్ నిండా ఎక్కించుకుని అదే సరస్సుకి చేపలు పట్టడానికి తీసుకెళ్లేవారు. మంచి మనిషి. నేను దిగినరోజు ఎయిర్‌పోర్టుకి కోటు పట్టుకొచ్చింది ఆయనే. అందుకే ఇక పట్టొద్దని గట్టిగా అనలేకపోయేదాన్ని.

ఓ ఆదివారం వాళ్లింట్లో భోజనం.

"వాలుగ పులుసమ్మా, వేసుకో."

"వాలుగ కాదు అంకుల్, వాలై. మన వాలుగ కాదిది, ఇక్కడి చల్లనీళ్ల చేప. మా వలలో పెద్దవి పడటమే మానేశాయి."

"అన్ని నీళ్లున్నాయి, చేపలకేం కరువు? లైసెన్సుంది. పట్టుకోమన్నన్నే పట్టుకున్నాం."

"ప్రతి వారం ఎన్ని బళ్లొస్తున్నాయో చూడండి."

"అయితే వాళ్లకి చెప్పు."

చెప్పాను. మర్నాడు సరస్సు దగ్గర పెద్ద బోటున్న తెల్లాయన విని నవ్వాడు. "మీవాళ్లే తినేస్తున్నారు. నేనైతే అన్నీ వదిలేస్తాను."

ఆ మధ్యాహ్నం మండుటెండలో, ఫొటో కోసం చాలాసేపు పైకెత్తి పట్టుకుని అతను వదిలిన చేప, కాసేపటికి మా పడవ పక్కనే వెల్లకిలా తేలింది. మొప్పల్లోంచి నెత్తురు. తీసుకెళ్లి చూపించాను.

"అది నాది కాదు," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఎవరినడిగినా తమ తప్పేం లేదనేవాళ్లే. మా వల మాత్రం రోజూ ఖాళీగా పైకొచ్చేది.

కొంతకాలానికి అక్కడ వాలైని పట్టి ఇంటికి తీసుకెళ్లకూడదని రూల్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ శనివారమే అంకుల్ ఫోన్ చేశారు.

"అమ్మా, నువ్వన్నట్టే అయింది. పోన్లే, ఇంకో గంట పైకి డ్రైవ్ చేస్తే మరో చిన్న లేక్ దొరికింది. ఎవరికీ తెలీదు. ఏం పడుతున్నాయనుకున్నావ్!"

"ఏ లేక్ అంకుల్?"

"నీకు మాత్రం చెప్పను. మీవాళ్లు మూసేస్తారు," అని పకపకా నవ్వారు. వెనకాల పిల్లల కేకలు, ఏదో పెద్దదే పడినట్టుంది.

ఆ ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు.