గుండుతో వీసా ఫొటో

2025లో, మామిడి పూత మీదున్న రోజులు. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో మాదొక చిన్న ఫొటో స్టూడియో. నేను చదివింది ఐదో తరగతే. పెళ్ళయ్యాక మా ఆయన దగ్గర కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన పెళ్ళిళ్ళ ఫొటోలకు తిరుగుతుంటే, అంగడి నేనే చూసుకుంటున్నాను. ఒకసారి తీసిన ముఖం నాకు మరుపు రాదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కొండ దిగి వచ్చినవాళ్ళే కాబట్టి గుండ్లు మాకు వింత కాదు. గుండుతో వీసా ఫొటోకు వచ్చింది మాత్రం హేమ ఒక్కతే.

మిట్టమధ్యాహ్నం వచ్చింది. తలకు పూసిన గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. వెనకే వాళ్ళ నాయన మునిరత్నం. ఐరాల పక్క పల్లెలో మామిడి తోపున్న రైతు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్ళే. హేమ డిగ్రీ చదివేటప్పుడు పరీక్షల ఫొటో నేనే తీశాను. అప్పుడు జడ నడుము దాటి ఉండేది.

"జడ యాడమ్మే?" అన్నాను.

"కొండకిచ్చేసినానక్కా. బ్యాలెట్‌లో నా పేరొచ్చింది!"

వర్క్ అండ్ హాలిడే వీసా అని ఒకటుంది. ముప్పై ఏళ్ళు దాటని పిల్లలు ఆస్ట్రేలియాలో ఒక ఏడాది ఉండి ఊర్లు తిరగవచ్చు, తిరిగే ఖర్చులకు అక్కడే పని చేసుకోవచ్చు. అడిగేవాళ్ళు ఎక్కువ, ఇచ్చేవి తక్కువ. అందుకని చీట్లు తీసినట్టు పేర్లు తీస్తారు. అదే బ్యాలెట్. పేరు వచ్చినవాళ్ళు గడువులోగా కాగితాలు, ఫొటో పెట్టాలి. వీసా ఇస్తారో లేదో తేలేది ఆ తర్వాతే.

హేమ తొందరపడింది అక్కడే. పేరు రావడమే వీసా రావడం అనుకుని, వీసా వస్తే గుండిస్తానన్న మొక్కు సంబరంలో తీర్చేసింది. పాస్‌పోర్టులో చూస్తే నిండా జుట్టు, ఎదురుగా చూస్తే గుండు. గడువులోగా ఆ జుట్టు పెరిగేది కాదు.

"మూడు కత్తెర్లు ఇచ్చుంటే సరిపోయుండేది కదమ్మా." పెళ్ళికాని ఆడపిల్లలు చాలామంది నాలుగు వెంట్రుకలు మూడుసార్లు కత్తిరించి ఇచ్చి వచ్చేస్తారు.

"మొక్కింది గుండక్కా. సామి కాడ బేరమాడేదా?"

మునిరత్నం ముందుకొచ్చాడు. "బేరం సంగతి ఇడిసిపెట్టు తల్లీ. వాళ్ళు సూసి, ఈ పిల్ల వేరే, ఆ పిల్ల వేరే అంటే ఏం జేసేది? మళ్ళా పేరొస్తాదో రాదో. నువ్వు కంప్యూటర్లో జుట్టు పెట్టెయ్. మొన్న మా తమ్ముడికి కోటు తొడగలా? వాడు జల్మలో కోటేసినోడు కాదు. ఎంత బాగుండాడు!"

"కోటు వేరు, తల వేరన్నా. వీసా వాళ్ళు డాక్టరు పరీక్షకు పంపిస్తే ఆడా ఫొటో తీస్తారంట. ఆడ గుండు, ఈడ జుట్టు అంటే అప్పుడు నిజంగానే దొంగ ఫొటో అంటారు."

హేమ స్టూలు మీద కూర్చుంది. జడ ముందుకు వేసుకుందామని అలవాటుగా చెయ్యి భుజం మీదికి పోయింది. అక్కడేమీ తగల్లేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నా తొందర నన్ను ముంచిందక్కా" అంది.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తూ, ఆ పిల్ల ఎన్నాళ్ళ నుంచో దీని మీదే ఆశ పెట్టుకుంది. ఒక ఏడాది వేరే దేశం చూడాలి, అక్కడి తోపుల్లో పని చేయాలి, తిరిగి రావాలి. వాళ్ళ నాయనకు అదే అర్థం కాలేదు.

"పని చేసేదానికి పోతాండావా, తిరిగేదానికి పోతాండావా అంటే రెండిటికీ అనె" అన్నాడు నాతో. "ఆడ పనేందంటే కాయలు కోసేదంట! డిగ్రీ సదివి కాయలు కోసేదానికి అంత దూరం పోవల్లా? మన తోపులో కాయల్లేవా?"

"పోయినేడు మన తోపులో కోసింది ఎవురు నాయనా? నేనే కదా!"

నాకు అనుమానం వచ్చింది. "పోవద్దనే కదన్నా నీ మాట? ఫొటో చెడితే నీకు మంచిదే. మరి జుట్టు పెట్టమని నువ్వెందుకు బతిమాలుతాండావు?"

మునిరత్నం తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కూతురి వైపు చూడలేదు.

"నేనూ మొక్కుకున్నా తల్లీ. దీని పేరు రాకపోతే గుండిస్తానని."

హేమ లేచి నిలబడింది. "రాకూడదని మొక్కినావా?"

"మొక్కినా."

"నాతో ఒక్క మాట చెప్పకుండానా?"

"చెప్తే నువ్వింకా పెద్ద మొక్కు మొక్కుతావని."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకు రాలేదు. గోడ వైపు తిరిగింది. మునిరత్నం గొంతు తగ్గించాడు. "సామి నీ మాటే ఇన్నాడు. ఇంక నేను అడ్డం పడితే ఆయనకు ఎదురుపోయినట్టు గదా. నా పాడు మొక్కు వల్లనే ఈ జుట్టు కాడ తగులుకునిందేమోనని కొండ దిగినకాడ్నుంచి మనసు మనసులో లేదమ్మా."

హేమ ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. "దాచేది చాలు. ఉన్నది ఉన్నట్టు తియ్యక్కా. ఎట్లుంటే అట్లే పోనీ."

గుండుకు వీసా ఫొటో తీయడం అంత సులువు కాదు. ముఖం ఎండకు కమిలి ఉంటుంది, తల తెల్లగా ఉంటుంది. వెనక బ్యాక్‌గ్రౌండ్, అంటే కట్టిన గుడ్డ, అదీ తెలుపే. తల అంచు గుడ్డలో కలిసిపోతుంది, లైటు పడితే నడినెత్తి మెరుస్తుంది. తడిగుడ్డతో గంధం అంతా తుడిచి, కాస్త పౌడరు అద్దాను. స్టూలు గుడ్డకు దూరంగా జరిపి, లైటు పక్కకు తిప్పాను. చెవులు, కనుబొమలు, గడ్డం కింద పుట్టుమచ్చ పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అలాగే పడ్డాయి. జుట్టు మొక్కుకు ఇచ్చానని హేమ ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి దానికి జత చేసింది. నేను చేయగలిగింది అంతే. ఆ తర్వాత చాలా రోజులు, వీసా ఫొటోకు ఎవరు వచ్చినా ఆ పిల్లే గుర్తొచ్చేది.

పూత రాలి పిందెలు పడ్డాక ఒకరోజు తండ్రీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. హేమ తల మీద జుట్టు వరినారులా లేచి ఉంది. పక్కన మునిరత్నానికి నున్నటి గుండు, గంధం.

"ఏందన్నా ఇది?"

"ఆ పొద్దు నీ అంగడి దిగతానే మొక్కు మార్చుకున్నా తల్లీ. వీసా వచ్చేసింది. వచ్చే వారమే పయనం. మా ఇద్దరికీ కలిపి ఒక ఫొటో తియ్యి."

తీశాను. "కోటు పెట్టమంటావా?" అని వేళాకోళంగా అడిగాను.

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె నవ్వుతూ తల ఊపింది. "పెట్టు, పెట్టు. తల మాత్రం ముట్టుకోవాకు" అన్నాడు మునిరత్నం.

అప్పటి నుంచి ఎవరైనా వచ్చి ముఖంలో ఏదైనా మార్చమంటే వెంటనే కాదనను, సరే అని కూడా అనను. ఎందుకు మార్చమంటున్నారో ముందు అడుగుతాను. అడిగితే చాలాసార్లు మార్చే పనే ఉండదు. ఆ ఫొటో ఇంకొకటి వేయించి మా అంగడి గోడకు పెట్టుకున్నాను. అందులో కోటు నాది, తలలు వాళ్ళవి.